సీసీలో ఊరంతా

దూరవిద్యలో డిగ్రీ పాసయ్యానండీ! మా ఇంట్లో, వెనక్కి ఎన్ని తరాలు తవ్వినా, డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషిని నేనే. దోహాలో మా గది గోడలకు కూడా చెప్పేశాను. ఇంత సంతోషంలోనూ ఈ వార్త మెయిల్లో పెట్టమంటే మాత్రం నా వల్ల కాదు. ఎందుకో చెబుతాను. మీరు నవ్వండి, నాకింకా నవ్వు రాదు.

అప్పట్లో దోహాకు దగ్గర్లోని మెసయీద్‌లో ఒక కంపెనీ సైటాఫీసులో ఉండేవాణ్ణి. బయట ఎండ మనుషుల్ని అట్టులా కాలుస్తుంటే నాకు ఏసీ కింద కుర్చీ! మా అమ్మ తమ్ముడు లచ్చన్న మామ అదే కంపెనీలో పరంజాలు కట్టేవాడు. మేనేజర్ ప్రసాద్ గారిని బతిమాలి ఆ కుర్చీ ఇప్పించింది ఆయనే. దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో ఇంకో కంపెనీకి గుమాస్తా కావాలని తెలిసి, నేను మెయిల్లో దరఖాస్తు రాశాను.

పైన ‘టు’ గడిలో ఆ కంపెనీ అడ్రసు. కింద ‘సీసీ’ అని ఇంకో గడి. అదేమిటో ఎవరినైనా అడగొచ్చుగా? అడిగితే నేనెందుకవుతాను! మా వైపు పెళ్ళికార్డు కింద ‘అభినందనలతో’ అని మేనమామలు, బావలు, బాబాయిల పేర్లుంటాయి. ఒక్క పేరు తప్పిందా, ఆ బాబాయి పెళ్ళికి రాడు, వచ్చినా తినడు. సీసీ కూడా అలాంటిదే అనుకున్నాను. నా మంచి కోరేవాళ్ళందరినీ పెద్దరికం ప్రకారం నిలబెట్టాను: ప్రసాద్ గారు, మామ, అకౌంటెంటు, చివరికి మెస్సులో వంటాయన. ఇంకా కింద ‘బీసీసీ’లో వేస్తే పేరు ఎవరికీ కనపడదట. కనపడకుండా పిలవడానికి ఇదేమైనా దొంగ పెళ్ళా!

సీసీలో ఉన్న ప్రతివాడికీ ఆ ఉత్తరం నకలు పోతుందట! టీ చల్లారకముందే ప్రసాద్ గారు పిలిచారు.

“ఏవయ్యా, మానేసి వెళ్ళిపోతున్నానని నాకే శుభలేఖ పంపావా?”

“మీ పేరు లేకుంటే మర్యాద గాదని పెట్టిన సార్...”

“‘ఇక్కడ ఎదుగుదల లేదు’ అని రాశావు. అదీ మర్యాదేనా?”

ఈలోగా సీసీలోని పెద్దలు ‘రిప్లై ఆల్’ నొక్కడం మొదలుపెట్టారు. అది నొక్కితే జవాబు అందరికీ పోతుంది, ముషైరిబ్ కంపెనీతో సహా. వంటాయన “ముబారక్ భాయ్, దావత్ ఎప్పుడు?” అన్నాడు. అకౌంటెంటు “ఆ కుర్చీ మా తమ్ముడికి ఇప్పించండి సార్” అన్నాడు. చివరికి ముషైరిబ్ నుంచి జవాబు, అదీ అందరికీ: “మాకు కావలసింది ఒక మనిషి. ఊరు కాదు.”

కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టుకుపోతుందంటారు. నాకు కొత్త నీరు రాకుండానే పాతది ఇంకిపోయింది. ఆ ఎండాకాలమంతా యార్డులో పైపులు మోశాను.

మామకు మెయిల్ చదవడం రాదు. కూలీల క్యాంపులో ఎవరో ఫోన్లో చదివి వినిపించారు.

“పోతె పోదువు గని, నాకొక్క మాట జెప్పలేవార? గా కుర్సీ కోసం సార్ ముంగట చేతులు కట్టుకొని నిలవడ్డ. ఎవడో సదివి జెప్తె తెలుసుకోవాల్నా?”

కాంట్రాక్టు అయిపోయి ఆయన ఊరెళ్ళిపోయిన రోజు, ఎయిర్‌పోర్టుకు నన్ను రావద్దన్నాడు.

కాబట్టి మెసయీద్ ఎండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికుండగా ఏ శుభవార్తా సీసీలో వెయ్యను. మనిషికొక ఫోను. ఇంకా చెయ్యాల్సినవి:

అమ్మ. “దుబాయ్ల డిగ్రీ గూడ ఇస్తరా బిడ్డా?” అంటుంది. ఆమెకు గల్ఫంతా దుబాయే.

అక్క.

ప్రసాద్ గారు.

లచ్చన్న మామ. పొద్దుట్నుంచి రింగవుతోంది, ఎత్తడం లేదు.

మళ్ళీ లచ్చన్న మామ.