నూట ఇరవై దాటకుండా అనంతగిరి

ఆదివారం ఉదయం అయిదుంబావుకి గాజువాకలో బయలుదేరాం. కారులో ముగ్గురం. స్టీరింగు దగ్గర మా బావ సన్యాసిరావు, పక్కన నేను, వెనక సీట్లో కార్లు బాగుచేసే గౌరీసు మేస్త్రి. అనంతగిరి వెళ్లి రావడానికి ఇంత హంగామా అక్కర్లేదు. పొద్దున్న కిరండోల్ పాసింజరు ఉంది, బస్సులూ ఉన్నాయి. మేం వెళ్లింది కొండ చూడ్డానికి కాదు, ఆ కారు గేరుబాక్సు ఉండాలో పోవాలో తేల్చుకోవడానికి.

ఉక్కు కర్మాగారానికి ఇంకా షెడ్లు లేస్తున్న రోజులవి. పని ముగించుకుని దేశం వెళ్లిపోతున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర బావ ఈ కారు కొన్నాడు. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్లు. క్లచ్ పెడలు లేదు, గేర్లు వాటంతటవే పడతాయి. రేవులో క్రేను నడిపేవాడికి ఇంత కారెందుకని అందరూ అడిగారు. "వారమంతా కదిలీ కదలని మిసనులో కూకుంటాను. ఆదోరం ఒక్కరోజు పరిగెట్టొద్దేటి?" అనేవాడు బావ.

చదును రోడ్డు మీద అది బాగానే పరిగెట్టింది. అనంతగిరి ఘాటు రోడ్డు మీద మాత్రం రెండుసార్లు గేరుబాక్సు ఆయిలు మాడిపోయి, లారీ వెనక తాడు కట్టుకుని ఇంటికొచ్చింది. గౌరీసు మేస్త్రి అడుగున దూరి చూసి, "ఈ బాక్సు మన దేసానికి పడదు బావ. పీకీసి మన వేను గేరుబాక్సెట్టీడమే" అన్నాడు. బావ దిగులుగా ఒప్పుకున్నాడు. సోమవారం విప్పడానికి మాట అయిపోయింది.

నేను ఒప్పుకోలేదు. నేను రేవులో తూకం గుమాస్తాను. బడిలో ఎనిమిది దాటలేదు గానీ, పాత సామాన్ల బజారులో తూకానికి కొన్న ఓడ ఇంజన్ల పుస్తకాలతో వేడి లెక్కలు నేర్చుకున్నాను. ఈ బాక్సులో ఆయిలే బలాన్ని మోస్తుంది, అందుకే అది కాగుతుంది. దాన్ని చల్లార్చే గొట్టం రేడియేటరు అడుగున వేడినీళ్లలోంచి పోతుంది. ఘాటు మీద ఆ నీళ్లే తొంభై డిగ్రీలు దాటతాయి. కాగే నీళ్లలో ముంచి ఆయిలు చల్లారలేదంటే తప్పు ఆయిలుది కాదు, దేశానిదీ కాదు. పాత కంప్రెసరు నుంచి తీసిన రాగి కూలరు ఒకటి సంపాదించి, ముందు జాలీ వెనక, రేడియేటరుకి ఎదురుగా బిగించాను. నీళ్లలోంచి వచ్చిన ఆయిలు దాంట్లోకి వెళ్లి, గాలికి చల్లారి, బాక్సులోకి తిరిగొస్తుంది. గొట్టానికి వేడి చూపించే గేజీ ఒకటి పెట్టి డాష్‌బోర్డు మీదికి తెచ్చాను.

ఒప్పందం ఇది. సూది నూట ఇరవై తాకితే సోమవారం బాక్సు విప్పుతారు, తాకకపోతే విప్పరు. నా లెక్కకి నూట అయిదు దాటదు. ఆ అంకె కాగితం మీద రాసి మేస్త్రి జేబులో పెట్టాను.

అయిదూ యాభైకి సింహాచలం. కొత్త పని చేయించిన బండిని అప్పన్న కొండ మొదటిమెట్టు, తొలిపావంచా దగ్గర ఆపకుండా వెళ్లడం మా వైపు ఎవరూ చెయ్యరు. కొబ్బరికాయ కొట్టాం, నిమ్మకాయలు తొక్కించాం. మామిడాకులు కూర్చిన లావుపాటి బంతిపూల దండ ముందు అడ్డంగా కట్టాం. ఒక కొస బావ కట్టాడు, రెండో కొస నేనే కట్టాను.

పెందుర్తి, కొత్తవలస దాటి ఏడుంబావుకి శృంగవరపుకోట చేరాం. బస్టాండు ఎదురుగా వేడి ఇడ్లీ, ఉప్మా దొరుకుతాయి. పెట్రోలు ఇక్కడే నింపుకోవాలి, పైన దొరుకుతుందని నమ్ముకోకూడదు. సూది ఎనభై ఎనిమిది మీద ఉంది. చదును రోడ్డుకి నేను డెబ్భై ఎనిమిది అనుకున్నాను. గేజీ తప్పు చూపిస్తోందేమోనని సరిపెట్టుకున్నాను.

"ఏటి గుమస్తా, ఇడ్లీ దిగట్లేదేటి?" అన్నాడు మేస్త్రి.

"నీకు దిగుతంది గదా. తిను."

ఎనిమిదింబావుకి బోడవరం దాటి ఘాటు మొదటి మైలురాయి దగ్గర అంకె రాసుకున్నాను. ఎనభై ఆరు. అక్కణ్ణుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. ఎడమ పక్క లోయ, కుడి పక్క ఎర్రమట్టి గోడ. ఎనిమిదిన్నరకి తొంభై తొమ్మిది. మరో పది నిమిషాలకి నూట పది. బావ గేజీ వైపు చూడ్డం మానేసి నా ముఖం వైపు చూడ్డం మొదలెట్టాడు. నూట పదహారు.

"వాసనొత్తంది బావ" అన్నాడు మేస్త్రి. "మాడింది. నాను సెప్పలేదేటి?"

వాసన నిజమే. కానీ మాడిన ఆయిలు వాసన నాకు తెలుసు, అది కాదు. బంతిపూలు ఉడుకుతున్న వాసన. సూది నూట పదిహేడు మీద ఉండగా బండి ఆపించి దిగాను.

గాలి తోపుడుకి దండ జాలీలోకి అణిగిపోయింది. మామిడాకులు ఒకదాని మీదొకటి, గోడకి కాగితం అంటించినట్టు కూలరుని కప్పేశాయి. గాలి పోయే దారిలో మూడొంతులు మూసుకుపోయింది. చువ్వల మధ్య ఖాళీతో సహా కొలిచిన నేను, దండని లెక్కలో వెయ్యలేదు. ముడి నా చేత్తోనే వేశాను.

ముడి విప్పబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "సామి దండ. దార్లో తియ్యకూడదు."

"అప్పన్న బండి సల్లగుండాలని దండేయించుకున్నాడు బావ. ఊపిరాడకుండా సెయ్యమన్లేదు."

మేస్త్రి తలుపు మీద చెయ్యి ఆనించి నవ్వాడు. "ఆపీసేవు గదా. ఇంక సల్లారబెట్టుకుని ఎక్కితే నెక్కలోకి రాదు."

నాకు కోపం వచ్చింది. ఎక్కువ కోపం నా మీద. "సల్లారబెట్టుకుని ఎక్కను. కిందకి దిగిపోదాం. మొదటి మైలురాయి కాడ, సూది మల్లీ ఎనభయ్యారు మీదున్నప్పుడు మొదలెడదాం. మొత్తం ఘాటెక్కుదాం. మద్దెలో ఆగను. సరేనా?"

"పిచ్చేటి నీకు?" అన్నాడు మేస్త్రి.

"సరేనా, కాదా?"

బావ దండని కళ్లకద్దుకుని, పెట్టడానికి శుభ్రమైన చోటు కనిపించక మేస్త్రి ఒళ్లో పెట్టాడు. "సచ్చినోడికేసినట్టు నాకెందుకు బావ ఇది?" అన్నాడు మేస్త్రి. కానీ కిందకి దిగినంతసేపూ రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకునే కూర్చున్నాడు.

తొమ్మిదీ యాభైకి మైలురాయి. ఎనభై ఆరు. బయట గాలి ఇరవై ఆరు. ఇందాకటి కంటే ఎండ పెరిగింది, అంటే పరీక్ష కఠినమైంది. అదీ మంచిదే అనుకున్నాను. పావుగంటకి తొంభై రెండు. అరగంటకి తొంభై ఎనిమిది. ఇందాక నూట పదిహేడు చూపిన మలుపు దగ్గర నూట ఒకటి.

అక్కడ అరటిగెలల లారీ ఒకటి ముందు పడింది. మనిషి నడిచే వేగంతో పోతోంది. ఈ బాక్సుకి అంతకంటే శత్రువు లేదు. ఆయిలు ఎక్కువ కాగుతుంది, గాలి తక్కువ తగులుతుంది. నూట నాలుగు. నూట ఆరు.

"హారను కొట్టి దాటించీ బావ, దాటించీ" అన్నాడు మేస్త్రి.

బావ అద్దంలోంచి అతన్ని చూశాడు. "నువ్వు ఏ పక్కోడివి రా అసలు?"

"దాటొద్దు" అన్నాను. "లారీ ఎనకాలే పోనీ. ఇక్కడ నిలబడకపోతే ఇంకెక్కడా నిలబడదు."

రెండు మైళ్లు ఆ అరటిగెలల్నే చూస్తూ ఎక్కాం. సూది నూట ఎనిమిదికి వచ్చి, అక్కడే ఉండిపోయింది. లారీ పక్కకి తప్పుకునేదాకా గీత కూడా కదల్లేదు.

పదకొండుంబావుకి అనంతగిరి. కాఫీ తోటల నీడలో బండి ఆపాం. బావ దిగి, దండని ఒక చెట్టు కొమ్మకి వేలాడదీసి దణ్ణం పెట్టాడు. మేస్త్రి జేబులోంచి కాగితం తీశాడు. "నూట అయిదన్నావ్."

"మూడు తప్పాను. లారీని లెక్కెయ్యలేదు."

అరకు ఇంకా ముందుంది గానీ మాకు అక్కడ పని లేదు. ఇంటి దగ్గర కట్టించుకొచ్చిన పులిహోర తిని, కాఫీ తాగి, పన్నెండున్నరకి తిరుగుముఖం పట్టాం. దిగుతుంటే సూది ఎనభై దగ్గర ఆడింది. శృంగవరపుకోట దాటాక మేస్త్రి మళ్లీ అందుకున్నాడు.

"ఇది సీతాకాలం గదా. వైశాకంలో ఎక్కించు సూద్దాం."

నాకూ ఆ లెక్క తోచింది, దాచడం ఇష్టం లేదు. "ఎండల్లో ఘాటు కింద ముప్ఫై ఎనిమిది ఉంటాది. ఇయ్యాల ఇరవయ్యారు. తేడా పన్నెండు. నూట ఎనిమిదికి కలుపు."

మేస్త్రి వేళ్ల మీద కలిపాడు. "నూట ఇరవై."

"నూట ఇరవై."

బావ బండి నెమ్మది చేశాడు. నేను గెలిచానో ఓడానో అతనికి అర్థం కాలేదు. "అయితే ఏటంతావ్?" అన్నాడు.

"ఒక్క కూలరు సాలదంతాను. రెండోది కావాల. అంతేగానీ బాక్సు పీకడమేటి?"

పెందుర్తిలో బావ రైలు గేటు దగ్గర ఆగినప్పుడు వెనక్కి తిరిగి, "బాక్సు ఇప్పొద్దు మేస్త్రి. మాడితే నా బండే గదా మాడీది" అన్నాడు.

నూట ఇరవై మైళ్లు తిరిగి నాకు తేలింది ఇంతే. మన కొండలకి పడదు, మన ఎండలకి ఆగదు అని చెప్పేవాళ్లలో కొలిచి చెప్పేవాళ్లు తక్కువ. కొలిచాక నా అంకే తప్పొచ్చు, అప్పుడు మళ్లీ కింద నుంచి ఎక్కుతాను. కొలవనివాడి మాటకి మాత్రం నట్టొకటి కూడా విప్పను.

మూడుంబావుకి గాజువాకలో మేస్త్రి షెడ్డు ముందు ఆగాం. అతను దిగి, వెళ్లిపోకుండా ముందుకొచ్చి, జాలీలోకి వంగి చూశాడు. జేనతో కూలరుని కొలిచాడు. పక్కనున్న ఖాళీని కొలిచాడు.

"రెండోది ఇక్కడ పట్టదు" అన్నాడు. "అడ్డపట్టీ కొయ్యాల."

"రేపు పొద్దున్న ఏడింటికి రా" అన్నాను. "బాక్సు ఇప్పే పానాలు మానీసి రంపం తెచ్చుకో."