నాచారం చెరువు నుంచి అన్నోజిగూడ దాకా

ఉదయం తొమ్మిదింటికి నాచారంలో ఇంటి నుంచి బయల్దేరాను. వెళ్ళాల్సింది అన్నోజిగూడ, యాదమ్మ దగ్గరికి. చెరువు ఎదురుగా మేం ఫ్లాట్ కొన్న నాటి నుంచి ఆరేళ్ళు మాకు పాలు పోసిందామె. ఆమె గేదెలు మధ్యాహ్నమంతా చెరువులోనే పడుకునేవి. వాసన వస్తోందని, వాటిని ఖాళీ చేయించి గట్టున వాకింగ్ ట్రాక్ వేయాలని మా అపార్ట్‌మెంట్ల వాళ్ళం అర్జీ పెట్టాం. నేనూ సంతకం చేశాను. ట్రాక్ వచ్చింది, యాదమ్మ వెళ్ళిపోయింది. వాసన మాత్రం పోలేదు, అది మురుగుకాల్వది. రెండేళ్ళుగా నా సంతకం సంగతి ఆమెతో చెప్పుకోవాలని ఉంది. మొన్న ఇస్త్రీ బండి అతను ఆమె ఉంటున్న చోటు చెప్పాడు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు దాకా ఆటో. అక్కడ తొమ్మిదీ నలభైకి ఘట్‌కేసర్ బస్సు దొరికింది. పొద్దుట వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. ఫ్లైఓవర్ స్తంభాల పక్కన బస్సు ఆగి ఆగి నడిచింది. నా ముందు సీటులో పెద్దావిడ బోడుప్పల్‌లోనే పుట్టిందట. "గిప్పుడు మా గల్లీల నన్నే, ఎవరింటికి వచ్చినవని అడుగుతున్నరు" అంది.

పదిన్నరకు అన్నోజిగూడలో దిగి, హైవే వదిలి పావుగంట నడిచాను. ప్లాట్ల హద్దురాళ్ళ మధ్య రేకుల ఇల్లు. తొమ్మిది గేదెల్లో మిగిలింది ఒక్కటి. యాదమ్మ దాని మీద బోరు పైపుతో నీళ్ళు కొడుతోంది. చెరువు లేక మిగతావి ఎండకు ఆగలేదని, అమ్మేశానని చెప్పింది. మంచం వాల్చి చాయ్ ఇచ్చింది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగింది.

గ్లాసు కింద పెట్టి సంతకం సంగతి చెప్పాను.

"ఎర్కనే సారూ. ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చిన దినమే, దానెంబడి ఉన్న ఆ కాయితం మా మనుమరాలు సదివింది. మూడో పేరు మీదే."

"తెలిసి కూడా ఇంకో నెల పాలు పోశావు కదా యాదమ్మా?"

"పోసిన. పొద్దుగాల మీరు తలుపు తీసినప్పుడల్ల, ఇయ్యాల చెప్తరేమో అని సూసిన."

క్షమించమన్నాను. ఆమె ఎండెక్కకముందే బస్సెక్కమని చెప్పి, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

తిరుగు బస్సు పన్నెండింటికి వచ్చింది. దారి పొడుగునా కొత్త ఫ్లాట్ల బోర్డులు. నీళ్ళ ఎదురుగా ఇల్లు కావాలనుకోవడం తప్పని ఇప్పటికీ అనలేను. కానీ ఆ నెలలో ప్రతి ఉదయం తలుపు తీశాను, గిన్నె పట్టాను, ఎండల గురించి ఏదో ఒకటి మాట్లాడాను, తలుపు వేసుకున్నాను. నేను నోరు విప్పి ఉంటే గేదెలు అక్కడే ఉండేవో లేదో తెలియదు. ఆమె మాత్రం నెల రోజులు ఎదురుచూసింది.