ఎండాకాలం చూడని అచ్చు

ఆ ఆదివారం సంఘం చాప మీద నేను చెప్పాల్సిన మాట చాలా చిన్నది. ఈ అంచు ఆగదు, నా మగ్గం మీద తెగింది, అనాలి. అనలేదు. మంచిగనే వచ్చింది అన్నాను. ఆ తర్వాత ఎండలకు అంచులు తెగితే ఊరు ఆ తప్పును ఒక ఆడమనిషి చేతుల మీద వేసింది. కాదని చెప్పగలిగినవాణ్ని నేను, నోరు మూసుకున్నాను. ఈనాటికీ మా ఊళ్లో కొందరు ఆ సంగతిని తలకిందులుగా చెప్పుకుంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కరీంనగర్ జిల్లాలో చిన్న నేత ఊరు. నేయనివాళ్లకు అచ్చు సంగతి కొంచెం చెప్పాలి. బట్టలో నిలువుగా నడిచే పడుగు పోగులు ఏ కన్నంలోంచి దూరి, ఏ వరుసలో మగ్గంలోకి రావాలో పట్టి ఉంచేది అచ్చు. ఒక పడుగు నేయడం అయిపోయినా అచ్చును ఖాళీ చేయరు. అందులో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. ఇంత బూడిద అద్దుకుంటే మెలిక జారదు. ఒకసారి ఎక్కించిన అచ్చు అట్లా ఏళ్ల తరబడి నడుస్తుంది. మా ఊరి చీరలన్నిటికీ అచ్చు తీరు ఒక్కటే. ఏ ఇంట్లో నేసినా అంచు అదే, వెడల్పు అదే. అందుకే బజారులో సేట్లు మా ఊరి కట్టను విప్పకుండానే కొనేవాళ్లు. ఎవరికి వారు అచ్చు మార్చుకోవడానికి లేదు. మార్చాలంటే చాప మీద పెట్టాలి.

చాప అంటే సంఘం ఇంట్లో పరిచే ఈత చాపే. దాని మీద కూర్చుని మార్పులు చూసేవాళ్లం ఐదుగురం. కొత్త తీరున ఎక్కించిన అచ్చు, దానితో పాటు చిన్న పడుగు, ఒకరి తర్వాత ఒకరి ఇంటికి వచ్చేవి. ప్రతివాడూ తన మగ్గం మీద మూరెడు బట్ట నేసి, ఉతికి ఆరబెట్టి ఆదివారం తేవాలి. దాన్ని చేతులు మార్చి చూసేవాళ్లం. అంచు పట్టి గుంజేవాళ్లం, వాకిట్లోకి పోయి వెలుతురుకు పట్టేవాళ్లం. అయితే ఎక్కడ తెగిందో, నేసేటప్పుడు ఎంత ఏడిపించిందో బట్టలో కనపడదు. తెగిన పోగును అతికి నేసేస్తే ఎవరికి తెలుస్తుంది? అది నేసినవాడు నోటితో చెప్పాలి. ఒక్కడు వద్దన్నా మార్పు ఆగిపోయేది. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. వానకాలంలో తెచ్చిన మార్పును ఒక ఎండాకాలం చూసిన తర్వాతే ఊరికి ఇవ్వాలి. వానగాలికి నూలు మెత్తబడి ఏం చేసినా సాగుతుంది. అదే గంజి పెట్టిన నూలు ఎండకు పెళుసెక్కుతుంది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి వానకాలంలో మా బావ ఒక మార్పు తెచ్చాడు. బావ అంటే మా అక్క భర్త. సంఘంలో నూలు పంచే పని ఆయనది. చీర అంచుల్లో చివరి పోగులు జంట పోగులుగా ఉండేవి, రాపిడంతా వాటి మీదే పడుతుంది కనుక. ఆ జంటల్ని తీసేసి ఒంటి పోగులు పెడదామన్నాడు బావ. అప్పుడు నూలుకు చాలా కరువు. ఒక చీరలో మిగిలేది కొంచెమే అయినా ఊరంతటి మీద చూస్తే ఖాళీగా పడి ఉన్న మగ్గాలు కొన్నయినా మళ్లీ ఆడతాయని ఆయన ఆశ. ఆ ఆశలో చెడ్డతనం ఏమీ లేదు.

అచ్చు నా ఇంటికి వచ్చినప్పుడు వాన వెలిసి ఎండ కాస్తోంది. నా మగ్గం రేకుల కింద ఉండేది. మిగతా నలుగురివీ పెంకుటిళ్లు, గుంట మగ్గాలు; నేల చెమ్మ పోగుకు తగులుతూ ఉంటుంది. మధ్యాహ్నం రేకులు కాగేసరికి కుడి అంచు పోగు తెగింది. అతికాను. మళ్లీ తెగింది. ఎడమది కూడా తెగింది. చివరికి తడిబట్ట తెచ్చి పడుగు మీద కప్పి మూరెడు పూర్తి చేశాను. నా భార్య కండెలు చుట్టడం ఆపి చూస్తోంది. మీ బావకు చెప్పరాదా అంది. చెప్తానన్నాను.

ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఒకాయన తెచ్చిన రంగును నేను వద్దని ఆపాను. ఆ రంగు పక్క ఊళ్లో మంచిగా నడిచింది. దాంతో నా పేరు అడ్డంపుల్ల అయింది. చాయ్ హోటల్లో నేను కూర్చోబోతే, జరుగుండ్రి అడ్డంపుల్ల వచ్చింది, అని నవ్వేవాళ్లు. ఇప్పుడు సొంత బావ తెచ్చినదాన్నే ఆపితే ఇటు ఊళ్లో నవ్వులు, అటు ఇంట్లో అలకలు. మా అక్క ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు ఆనుకుని ఉండేవి.

ఆదివారం నలుగురూ బాగుందన్నారు. వాళ్ల మగ్గాల మీద నిజంగానే బాగుంది. మాలో పెద్దాయనను అందరం కాకా అనేవాళ్లం. ఆయన నా మూరెడు బట్ట అందుకుని అంచును గోటితో గీరి చూశాడు.

"నీది రేకుల ఇల్లు గదా. ఎట్ల నడిచింది?"

బావ నా వైపు చూడలేదు. తలుపు దగ్గర ఎవడో, అడ్డంపుల్ల ఏమంటదో అని గొణిగితే నవ్వులు లేచాయి.

"మంచిగనే వచ్చింది కాకా," అన్నాను.

"ఏమన్న తెగిందా?"

"లే."

కాకాకు ఎందుకో మనసొప్పలేదు. ఎండాకాలం చూసి ఇద్దాం అన్నాడు. అప్పటిదాకా నూలు ఎవడిస్తడు కాకా అన్నాడు బావ. రేకుల కిందనే ఆగిన అంచుకు ఎండాకాలం ఎందుకని మిగతావాళ్లు అన్నారు. చివరికి కాకా కూడా సరే అన్నాడు. అంటే నా మాట పట్టుకునే కట్టుబాటును పక్కన పెట్టారు. నేను చాప అల్లికను చూస్తూ కూర్చున్నాను.

ఊళ్లో అచ్చులన్నీ విప్పి కొత్త తీరున ఎక్కించే పని ఒక అక్క మీద పడింది. ఆమె మాకు చుట్టం కాదు, అయినా ఊరంతా ఆమెను అక్కా అనే పిలిచేది. భర్త పోయాడు. అచ్చులు అతకడం, ఎక్కించడం ఆమెకు అన్నం పెట్టే పని. ఇంటింటికీ పోయి మగ్గం ముందు కూర్చుని పోగు పోగూ తీసి ఎక్కించింది. మాట్లాడుతూనే ఉండేది, చేతులు మాత్రం ఆగేవి కావు. మా ఇంట్లో ఎక్కించేటప్పుడు నా భార్యతో, గీ సంఘమోళ్లకు నా వేళ్లు అరగదీస్తే గాని నిద్రపట్టది, అని నవ్వింది. చలికాలమంతా మగ్గాలు బాగానే ఆడాయి. ఖాళీగా ఉన్న మగ్గాలు కూడా కొన్ని కదిలాయి. ఊరు బావను మెచ్చుకుంది.

ఎండలు ముదిరాక తెగడం మొదలైంది. ముందు రేకుల ఇళ్లలో, తర్వాత పెంకుటిళ్లలో. అంచు తెగి, అతికి, మళ్లీ తెగి చీరల చివర్లు ముడతలు పడ్డాయి. సేట్లు కట్టలు విప్పి చూడటం మొదలుపెట్టారు. తర్వాత వెనక్కి పంపారు. సంఘంలో అరుపులు. మార్పును ఐదుగురు చూశారు, ఐదు మగ్గాల మీద నేశారు, ఎక్కడా తెగలేదు. మరి ఇప్పుడెందుకు తెగుతున్నట్టు? మార్పు మంచిదే అయితే ఎక్కించిన చెయ్యి మంచిది కాదు. ఆ మాట ముందు ఎవరన్నారో నాకు గుర్తులేదు. బావ మాత్రం కాదు. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె తొందరలో పోగుల్ని గట్టిగా గుంజి నలిపేసిందని, అందుకే పెళుసెక్కాయని తేల్చారు. సేట్ల నమ్మకం పోయింది కనుక అంచులు మళ్లీ జంట పోగులే చేయాలన్నారు. ఈసారి ఎక్కించే పనికి పక్క ఊరి మనుషుల్ని పిలిచారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోయినా చెప్పాల్సిన రోజు అది.

రెండు రోజులకు ఆమె మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. గడప అవతల కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపింది. బూడిదతో, పోగు రాపిడితో వేళ్ల కొసలు నల్లగా కాయలు కాసి ఉన్నాయి.

"తమ్మీ, నువ్వు చాప మీద కూసునేటోనివి. జర చూసి చెప్పు. నా చెయ్యి చెడిపోయిందా?"

"గట్లెందుకంటవు అక్కా. ఎండలు గట్టిగున్నయి గదా."

"ఎండలు ఎప్పుడు లేవు? ఇన్నేండ్ల సంది ఎక్కిస్తున్న, ఎన్నడన్న తెగిందా? ఏందో నాకే సమజైతలేదు. పోగు పట్టుకుంటే భయమైతుంది."

ఫికర్ చేయకు అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు. ఆమె కాసేపు కూర్చుని, నా భార్య ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆ రోజు నా భార్య నాతో మాట్లాడలేదు. మర్నాడు కూడా ఆ విషయం ఎత్తలేదు. ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. అది నాకు తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది.

ఆమెను పనికి పిలిచేవాళ్లు లేకుండా పోయారు. వానలు పడకముందే మందమర్రి వెళ్లిపోయింది. ఆమె తమ్ముడు అక్కడ బొగ్గుబాయిలో పనిచేసేవాడు.

ఏళ్లు గడిచాయి. కాకా పోయాడు. ఊళ్లోకి ఒకటీ రెండూ సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, వచ్చాయి. చాప మీద నేను పెద్దవాడినయ్యాను. మొన్న మొన్ననే, ఒక కొత్త తీరు మీద మాట్లాడుతుంటే, ఆ ఎండాకాలం నాటికి ఇంకా నిక్కర్లు తొడుక్కునే ఒక కుర్రవాడు లేచి, "మార్పు ఎంత మంచిదైతే ఏంది, ఎక్కించే మనిషి సక్కగ లేకుంటే ఊరే మునుగుతది. ఎన్కట ఒకామె గట్లనే చేసిందట గదా," అన్నాడు. అందరూ తల ఊపారు. ఆమె ముఖం కూడా ఎరగని పిల్లలు ఆమె తప్పును పాఠంగా నేర్చుకున్నారు. నేను బతికి ఉండగానే అది నిజమైపోయింది. ఆ వారమే మందమర్రి బస్సెక్కాను.

కాలనీలో ఇళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఆరేసిన బట్టల మీద కూడా బొగ్గు నుసి. ఆమె వాకిట్లో గిన్నెలు తోముతోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, ఊరి సంగతులు అడిగి, చాయ్ పెట్టింది. నాలుగిళ్లలో పాచిపని చేసుకుంటున్నానని చెప్పింది. ఇక్కడ కూడా నేతవాళ్లు ఉన్నారట, ఒకసారి అచ్చు అతకమని పిలిచారట. పోలేదు.

"ఎందుకు పోలే?" అన్నాను.

"చెయ్యి చెడిపోయింది గద తమ్మీ. ఇంకోలి కడుపు ఎందుకు కొట్టాలె?"

అప్పుడు చెప్పాను. రేకుల కింద తెగడం, తడిబట్ట కప్పడం, కాకా అడగడం, లే అనడం. చెప్తున్నంతసేపూ ఆమె చాయ్ గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు. నేను ముగించాక గ్లాసు కింద పెట్టింది. ఆమె అరిస్తే బాగుండు అనిపించింది.

"గిన్నేండ్లు నా చేతుల్నే తిట్టుకున్న," అంది చివరికి.

నేను ఆమె కాళ్ల వైపు వంగబోయాను. వెనక్కి జరిగింది.

"గిదంత వద్దు. నాకు చెప్తే ఏమొస్తది? మీ అక్కకు చెప్పినవా? మీ బావకు?"

"లే."

"మరి ఆడ చెప్పాలె. నన్ను తోల్కపో. నా ముంగట చెప్పు."

బస్సులో ఆమె నా పక్కన కూర్చోలేదు. ముందు ఆడవాళ్ల దగ్గర కూర్చుంది. ఊళ్లో మా ఇంటికి కూడా రానని, తెలిసిన వాళ్లింట్లో దిగింది. ఆదివారం సంఘం ఇల్లు నిండింది. ఆమె వచ్చిందని తెలిసి ఆడవాళ్లు కూడా వాకిట్లో నిలబడ్డారు. బావ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆ ముందు రోజు నేను వాళ్లింటికి పోయి, చెప్పబోయేది చెప్పాను. మా అక్క ఏడ్చింది. బావ, నన్ను అప్పుడే ఆపితే నేనేమన్న సచ్చిపోదునా, అని ఒక్క మాట అన్నాడు.

నేను చాప మీద కూర్చోలేదు, నిలబడ్డాను. ఎవరో గట్టిగా చెప్పమన్నారు. ముందు సంఘానికి చెప్పాను. ఆ అంచు నా మగ్గం మీద ఆనాడే తెగిందని, కాకా అడిగితే అబద్ధం ఆడానని, ఎండాకాలం చూడకుండా ఊరికి పోయింది నా మాట వల్లేనని. ఆమె చేతుల మీద తప్పు వేసినప్పుడు కూడా ఇక్కడే కూర్చుని ఉన్నానని. మొన్న ఆమె మాట ఎత్తిన కుర్రవాడు నేలచూపులు చూశాడు.

తర్వాత ఆమె వైపు తిరిగాను. తలుపు పక్కన, చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది.

"అక్కా, నీ చెయ్యి చెడిపోలే. ఎన్నడు చెడిపోలే. నువ్వు నా గడపల కూసోని అడిగినవ్, నేను తెలిసి కూడ చెప్పలే. నీ పని నేనే గుంజుకున్న. నన్ను మాఫ్ చెయ్యి."