జాబితా మార్చే హక్కు

పాపకు పది నెలలు నిండిన రోజుల్లో నేను చిత్తూరులో ఆడపిల్లల కబడ్డీ క్లబ్బుకు ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాసిచ్చాను. తిరుపతిలో ఎంసీఏ చదివి, పెళ్ళయి చిత్తూరు వచ్చి, బిడ్డ పుట్టాక ఇంట్లో ఉండిపోయినదాన్ని. గడప దాటితే పాపకు ఏమవుతుందోనని భయం. మైదానం పక్కనున్న క్లబ్బు గదిలో గంటసేపు కూర్చుంటే రెండుసార్లు ఎస్‌టీడీ బూత్‌కు వెళ్ళి ఇంటికి ఫోన్ చేసేదాన్ని. "బిడ్డ ఆడుకుంటా ఉండాది. నువ్వు నీ పని సూసుకో" అని అత్తమ్మ విసుక్కునేది.

కోచ్ మేడమ్ ఒక బడిలో వ్యాయామ టీచరు. పిల్లల వయసులు, ఫోన్ నంబర్లు, హాజరు, పోటీకి వెళ్ళే జట్టు జాబితా అన్నీ నాలుగు నోటు పుస్తకాల్లో రాసుకుని, ఏది ఎందులో ఉందో వెతుక్కునేవారు. అవన్నీ ఒక్కచోట పెట్టడమే నా ప్రోగ్రాం పని. ఎవరు తెరిచినా వాళ్ళ పాస్‌వర్డ్ కొట్టాలి. దాన్నిబట్టి ఎవరు ఏది చూడవచ్చో, ఏది మార్చవచ్చో తేలుతుంది. ఆడే పిల్లలు తమ వివరాలు, జట్టు జాబితా చూడవచ్చు, అంతే.

మిగతావాళ్ళకు ఏ హక్కులివ్వాలో నేనెవరినీ అడగలేదు. క్లబ్బు మీటింగులో కుర్చీలు వేసే వరుసే పట్టుకున్నాను. మెత్తవేసిన పెద్ద కుర్చీ అధ్యక్షులది. ఆయన బెల్లం మండీ యజమాని, కంప్యూటర్ కొనిచ్చింది కూడా ఆయనే. అందుకని అన్ని హక్కులూ ఆయనకిచ్చాను. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే మేడమ్‌కు ఒక మెట్టు తక్కువ. పైవాళ్ళు మార్చినదాన్ని కిందివాళ్ళు తిరిగి మార్చకూడదని ఒక నియమం కూడా రాశాను. పెద్దవాళ్ళ మాటకు ఎదురుచెప్పకుండా పెరిగినదాన్ని. రాస్తున్నప్పుడు అందులో తప్పేమీ కనబడలేదు.

రాష్ట్ర పోటీలకు జట్టు పేర్లు పంపాల్సిన రోజు వచ్చింది. సాయంత్రం ఐదులోపల హైదరాబాదుకు ఫ్యాక్స్ వెళ్ళాలి. పొద్దున నేను గదిలో ఉండగా, కార్వేటినగరం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. కూతకు వెళ్తే ఉత్త చేతులతో తిరిగి రాని పిల్ల.

"అక్కా, నా పేరు లేదే."

"సరిగ్గా సూడు."

"సూసినాక్కా. పన్నెండు మంది ఉండారు, నేను లేను. నిన్న ఉన్నింది."

లేచి వెళ్ళి చూశాను. ఆ చోట అధ్యక్షుల స్నేహితుడి కూతురి పేరుంది. మార్చిందెవరో పక్క గడిలోనే కనబడుతోంది: అధ్యక్షులు. మైదానంలో ఉన్న మేడమ్‌ను పిలుచుకొచ్చాను. ఆమె పాత పేరు కొట్టారు. ప్రోగ్రాం ఒప్పుకోలేదు. మూడోసారీ ఒప్పుకోకపోయేసరికి నావైపు తిరిగారు.

"నేను ఏరిన జట్టును నేనే సరిజెయ్యలేకపోతే యాలమ్మా ఈ పెట్టె? నా నోటు పుస్తకంలో ఎవురూ చెయ్యి పెట్టింది లేదు. నువ్వొచ్చి తీసకపోయి ఆయన చేతికిస్తివి."

అమ్మాయి ఏడవలేదు. తెర వంకే చూస్తూ, "మా నాయన ఈ ఒక్క ఏడే ఒప్పుకున్యాడక్కా. జట్టులో పేరు రాకుంటే ఇంక ఆటకు పంపడు" అంది.

నేనప్పుడే మార్చేయగలను. ప్రోగ్రాం రాసినదాన్ని కాబట్టి నాకు ఏ నియమమూ అడ్డం రాదు. చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది కూడా. కానీ ఆయన ఎవరికీ చెప్పకుండా మార్చారు. నేనూ చెప్పకుండా మారిస్తే ఆయన మళ్ళీ మారుస్తారు. ఇంటికి వెళ్ళి, పాలకు ఏడుస్తున్న పాపకు పాలిచ్చి, చంకనేసుకుని, మేడమ్‌తో కలిసి మండీకి వెళ్ళాను.

అధ్యక్షులు పాప చేతిలో చిన్న బెల్లం ముక్క పెట్టారు. వచ్చిన పని చెప్పాను.

"ఒక్క పేరేగదమ్మా. ఆ పిల్ల వాళ్ళ నాయన ఉండాడే, ఆయప్ప ఇంటికొచ్చి అడిగె. కాదంటే బాగుంటాదా? మేడమ్ ఎట్లో సర్దుకుంటాదనుకుంటి."

"ఆమె సర్దుకునేదానికి లేదు సార్. అట్ల రాసింది నేనే, తప్పు నాదే. ఇప్పుడు దాన్ని దిద్దుతా. ఇకమీదట జాబితా మేడమ్ ఒక్కరే మార్చాల. మీరు చూడొచ్చు."

"ఓహో! నేను కొనిచ్చిన కంప్యూటర్ను నేను దూరంగా నిలబడి సూడాల్నా? దండం కూడా పెట్టుకోమంటావా?"

మూటలు మోసేవాళ్ళు నవ్వారు. ఎదురుగా బెల్లం తూచే కాటా ఉంది.

"రైతు బెల్లం తూచేటప్పుడు మీరు కాటా మీద చెయ్యి పెడతారా సార్?"

"నేనెందుకు పెడతా? దానికి తూకం మనిషి ఉండాడు గదా."

"మండీ మీదే గదా సార్."

ఆయన నావైపు, తర్వాత మేడమ్ వైపు చూశారు. "మీ ఆయన నీతో ఎట్ల ఏగతా ఉండాడో గానీ... సరే, మార్సుకో. ఆయప్పకు మాత్రం నువ్వే జెప్పాల. నా వల్ల కాదు."

మండీ ఫోన్ నుంచే ఆ స్నేహితుడికి చెప్పాను. జట్టును మేడమ్ ఎంచుతారని, వాళ్ళమ్మాయిని రోజూ ప్రాక్టీసుకు పంపమని. మాట పూర్తికాకముందే ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత రెండు నెలలు అధ్యక్షులు కూడా నాతో సరిగా మాట్లాడలేదు.

క్లబ్బు గదికి తిరిగొచ్చి, పాపను మేడమ్ ఒడిలో కూర్చోబెట్టి, నియమాలు తిరగరాశాను. ఈసారి కుర్చీలను చూసి కాకుండా, ఎవరు ఏ పని చేస్తారో మేడమ్‌ను ఒక్కొక్కటిగా అడిగి రాశాను. నాలుగున్నరకు ఆమె తన పాస్‌వర్డ్‌తో అమ్మాయి పేరు కొట్టారు. ప్రోగ్రాం తీసుకుంది. జాబితా ప్రింటు తీసి ఎస్‌టీడీ బూత్‌కు పట్టుకెళ్ళాం. కాగితం ఫ్యాక్స్ యంత్రంలోకి పూర్తిగా వెళ్ళేదాకా ఆ అమ్మాయి బూత్‌లో నిలబడి చూసి, బస్సుకు పరుగెత్తింది.

మరునాడు వెళ్ళి, నాకోసం ఉంచుకున్న దారిని కూడా మూసేశాను. ఇక జాబితాను నేనూ మార్చలేను.

"రేపు ఇది మొండికేస్తే?" అన్నారు మేడమ్.

"పిలవండి, వస్తా. మీరు పాస్‌వర్డ్ కొట్టి పక్కన కూర్చుంటేనే చెయ్యి పెడతా."

"బిడ్డనెవురు సూసుకుంటారు?"

"ఎత్తుకొస్తా."