నా కూతురు నన్ను పిలవదు

నా కూతురికి ఐదేళ్లు నిండాయి. ఇంతవరకూ నన్ను ‘అమ్మా’ అని పిలవలేదు. చెవులు బాగానే వినిపిస్తున్నాయని డాక్టర్లు చెప్పారు. అయినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. తిరిగే ఫ్యానును గంటల తరబడి చూస్తుంది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని నేలమీద పడి దొర్లుతుంది.

మాది ఆళ్లగడ్డ. వారం వారం పిల్లను తీసుకుని బస్సులో నంద్యాలకు పోతాను. అక్కడ మాటలు నేర్పించే ఒకావిడ ఉంది. మంచి మనిషి. ఈ వేసవిలో ఒకరోజు ఆవిడ బొమ్మలు పక్కన పెట్టి, "మాట రావచ్చు, రాకపోవచ్చు. రెండింటికీ సిద్ధంగా ఉండాలక్కా" అంది. తలూపి వచ్చేశాను. బస్సెక్కేదాకా బాగానే ఉన్నాను. దారిలో డ్రైవరు గట్టిగా హారన్ కొట్టేసరికి పిల్ల కేకలు మొదలుపెట్టింది. ఎంత హత్తుకున్నా ఆగలేదు. ముందు సీట్లో ఉన్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ఏందమ్మా, బిడ్డను సముదాయించేది గూడా తెలీదా నీకు?" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా అత్త, "ఆయప్ప అన్నదాంట్లో తప్పేముంది? నువ్వు చూస్తే నోరు తెరిచి మాట్లాడవు. బిడ్డ చేతికి ఫోన్ ఇస్తాండావ్. ఇంక మాట యాడ్నుంచి వస్తాది?" అంది. అన్నం తింటున్న నా భర్త తల ఎత్తలేదు.

ఆ రోజునుంచి ఇంట్లో పిచ్చిదానిలా మాట్లాడుతూనే ఉన్నాను. బియ్యం కడుగుతూ ఇవి బియ్యమని, బట్టలారేస్తూ ఇది నీ గౌను అని. గొంతు బొంగురుపోయింది. పిల్ల నా వైపు చూడలేదు.

స్వాతి నక్షత్రం రోజు అత్త మొక్కు తీర్చుకోవాలంటే ముగ్గురం అహోబిలం పోయాం. దిగువ గుడిలో మేళం మొదలవగానే పిల్ల అరుస్తూ నా ముంజేతిని కొరికింది. జనమంతా తిరిగి చూశారు. "బయటికి తీసుకపో. నేను దండం పెట్టుకోనొస్తా" అంది అత్త.

స్వామిని చూడకుండానే బయటికొచ్చి గోడ నీడన కూలబడ్డాను. అలిసిపోయి పిల్ల ఒడిలో నిద్రపోయాక నాకు ఏడుపు ఆగలేదు.

గుడిలో తులసిమాలలు ఇచ్చి ఇంటికి పోతున్న ఒక పెద్దావిడ, అర్చకుల ఇంటావిడ, నన్ను చూసి ఆగింది. చేతిమీద పళ్ల గాట్లు చూసి పక్కన కూర్చుంది.

"ఎందుకు పాపా ఏడుస్తాండావ్?"

ఎవరితోనూ అనని మాట ఆమెతో అనేశాను. "తల్లిగా ఉండేది నాకు చేతకాలేదమ్మా. దేవుడు ఈ బిడ్డను నాకు ఇయ్యకుండా ఉండాల్సింది."

ఆమె పిల్ల పాదాలమీద కొంగు కప్పింది.

"హిరణ్యకశిపుణ్ణి చంపినాక స్వామి కోపం తగ్గలేదు. దేవతలంతా ఆయన్ని చల్లబరచమని లక్ష్మమ్మను పొమ్మన్నారు. ఆయమ్మే భయపడి నిలబడిపోయింది, దగ్గరికి పోలేక. లోకానికే తల్లి. ఆమెకే చేతగాని గడియ వచ్చింది. అయినా ఈ పొద్దుకూ ఆయన తొడమీదనే కూర్చోనుంది. ఆమెను తల్లి కాదని ఎవురన్నా అన్నారా?"

నేను పిల్ల ముఖం మీద పడ్డ జుట్టు పక్కకు తీశాను.

"చేతకాకపోతే కాకపోనీ పాపా. నువ్వు బిడ్డను వదిలి యాడికీ పోలేదు గదా."

"స్వామిని గూడా చూడలేదమ్మా" అన్నాను.

"బిడ్డ అరుపు లోపలికి వినపడే ఉంటాదిలే. అరుపులకు భయపడే దేవుడు కాదాయన" అని, కొంగు ముడిలోంచి రెండు తులసి ఆకులు తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజు అద్భుతమేమీ జరగలేదు. తిరుగు బస్సులో పిల్ల మళ్లీ అరిచింది. అత్త మాటలూ మారలేదు.

ఇప్పుడు నంద్యాల ఆవిడ బొమ్మల కార్డులు నేర్పిస్తోంది. దాహమేస్తే పిల్ల నీళ్ల గ్లాసు కార్డు తెచ్చి ఇస్తుంది. వాటిలో నన్ను పిలవడానికని నా ఫోటో అతికించిన కార్డు కూడా ఉంది. దాన్ని ఇంతవరకూ ముట్టుకోలేదు. సాయంత్రం కార్డులన్నీ సర్దేటప్పుడు నలగకుండా కొత్తగానే ఉన్న ఆ ఒక్కటీ చేతికొస్తే గుండె పగిలిపోతుంది. దేవుడి పటం ముందు కూర్చుని, ఈ రోజు కూడా నాకు చేతకాలేదు స్వామీ అని ఏడుస్తాను. అలా చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడను. ముఖం కడుక్కుని పెరుగన్నం కలుపుతాను. పిల్ల నన్ను చూడకుండానే నోరు తెరుస్తుంది.