కొలత కోసం నిలబెట్టిన మనిషి

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మైనింగ్ చదువుతూ, వారానికి రెండు రోజులు పక్క ఊళ్ళోని ఒక చిన్న మ్యూజియంలో పనిచేసేదాన్ని. వందేళ్ల కిందట ఆఫ్రికాలోని నమీబ్ ఎడారికి వెళ్ళిన జర్మన్లు తీసుకున్న ఫోటోలు అక్కడ పెట్టెల నిండా ఉండేవి. ఇసుకలో వేసిన రైలు పట్టాలు, నీళ్ల ట్యాంకులు, కొత్తగా కట్టిన ఇళ్ళు. వాటిని స్కాన్ చేసి, వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని.

మా చదువులో రాతిని ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక సుత్తి పెడతాం, రాయి ఎంత పెద్దదో తెలియడానికి. మ్యూజియం కంప్యూటర్ ఫారంలోనూ ‘కొలత’ అని ఒక గడి ఉండేది. సుత్తి, కర్ర, మనిషి, మూడింటిలో ఒకటి నొక్కాలి. ‘వ్యక్తులు’ అనే గడి వేరు. అందులో ఇంజనీర్ల పేర్లు బిరుదులతో సహా రాసేవాళ్ళం. ఒక గుర్రం పేరు కూడా ఎక్కించిన గుర్తు.

ఒక ఫోటోలో పట్టాల కోసం తవ్విన లోతైన కందకం. గట్టు మీద టోపీ పెట్టుకున్న ఇంజనీరు. అడుగున, తల మీద తట్టతో ఆ దేశపు ఆడమనిషి. ఫోటో వెనక అంటించిన పాత చీటీ మీద ఇంజనీరు పేరు, తవ్వకం లోతు, ‘కొలతకు మనిషి’ అని ఉంది.

మాది పాలమూరు. మా అమ్మ పెళ్లికి ముందే మూడు ప్రాజెక్టుల మట్టి మోసింది. ఇప్పుడు పుణెలో ఒక బిల్డింగ్ పని దగ్గర మేస్త్రి. ఆ మధ్యాహ్నం వీడియో కాల్‌లో ఊరికే ఆ ఫోటో చూపించాను. ఆమె చాలాసేపు చూసింది.

“తట్ట జూడు బిడ్డా, నిండుగున్నది. ఫోటో అయ్యేదాంక దించనియ్యలే ఆమెను.”

వారం నుంచి నేను చూస్తున్న ఫోటోనే అది. తవ్వకాల లెక్కలన్నీ వచ్చు నాకు, తట్ట నిండుగా ఉందన్నది మాత్రం కనబడలేదు. సిగ్గేసింది.

‘మనిషి’ నొక్కలేదు. వ్యక్తుల గడిలో ‘తట్ట మోస్తున్న స్త్రీ, పేరు రాసి పెట్టలేదు’ అని ఎక్కించాను. మర్నాటికి ఎవరో తీసేశారు. మళ్ళీ ఎక్కించాను. అదీ తీసేసి, మ్యూజియం పెద్దాయన పిలిచి, పేరు తెలియని వాళ్ళను వ్యక్తుల్లో వేయడం పద్ధతి కాదన్నాడు. మట్టి పనిలో కొలత ఎంత ముఖ్యమో కూడా ఓపిగ్గా చెప్పాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఇంకోసారి ఇలా చేస్తే పనికి రావద్దన్నాడు. ఆయన ఇచ్చే సర్టిఫికెట్ లేకపోతే నాకు థీసిస్ చేయడానికి చోటు దొరకడం కష్టం.

మా రూమ్మేట్ కందకు లేని దురద కత్తిపీటకెందుకే అంది. నాకు ఉంది దురద. భయమూ ఉంది, కానీ కోపం అంతకంటే ఎక్కువ ఉంది.

మూడోసారి ఎక్కించి, ఆయనకు మెయిల్ పెట్టాను. పేరు అడగకపోవడం ఫోటో తీసినవాడి తప్పు, ఆమెది కాదు. ఆ వాక్యం తీసేస్తే, వివరాలు రాసినవారి గడిలోంచి నా పేరు కూడా తీసేయండి అని రాశాను. ఆయన జవాబు ఇవ్వలేదు, పనికి రావద్దనీ అనలేదు. రోజూ ఆ ఫారం తెరిచి చూసుకునేదాన్ని. వాక్యం అలాగే ఉంది.

తరవాతి నెల, ఫోటోల ప్రదర్శనకు ముందు, ఊరి పత్రిక నుంచి ఫోటోగ్రాఫర్ వచ్చాడు. పాత ఫోటోల గాజు పలకల పెట్టె ఎత్తి నా చేతుల్లో పెట్టి, వాటిని దాచే బీరువా పక్కన నిలబడమన్నాడు పెద్దాయన. బీరువా ఎంత పెద్దదో చదివేవాళ్ళకు తెలుస్తుందట.

నేను ముందు ఆ పెట్టెను బల్ల మీద దించాను.

“ఫోటో కింద నా పేరు రాసి చూపించండి. అప్పుడు నిలబడతాను,” అన్నాను.