పనస చెక్క బేస్ గిటారు

అరవైల చివర్లో అనంతపురంలో పెళ్ళిళ్ళకు సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా ఒకటి ఉండేది. పగలు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసుకొని, సాయంత్రాలు అందులో బేస్ గిటారు వాయించేవాణ్ణి. మా పాత గిటారు మెడ వంగిపోతే, మా ఆర్కెస్ట్రా పెద్దాయన బెంగళూరు నుంచి రెండు గిటార్లు తెప్పించాడు, వాయించి చూసి ఒకటి ఉంచుకుందామని. మూడోది బుక్కరాయసముద్రంలో హార్మోనియంలు బాగుచేసే భాయ్ సొంతంగా తయారుచేసింది. దాచుకున్న పనస మొద్దును చిత్రిక పట్టి, తీగల మోతను పట్టే అయస్కాంతానికి సన్నని రాగి తీగ చేత్తోనే చుట్టి, నెలల తరబడి దానితోనే కూర్చున్నాడు. రంగు కూడా వేయలేదు.

బెంగళూరు గిటార్లలో ఒకటి ఎర్రది. తళతళలాడుతుండేది. చూసిన రోజే నా మనసు దాని మీద పడింది. ఆ ముడి చెక్కను మెడలో వేసుకొని ధర్మవరం పెళ్ళిలో నిలబడితే జనం నవ్వుతారనిపించింది.

ఆదివారం పొద్దున పెద్దాయన ఇంటి వసారాలో పరీక్ష పెట్టాడు. రంగు చూసి మోసపోకూడదని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఒకే పాట మూడింటి మీదా వాయించప్పా. నేను చెవులతోనే చూస్తా."

మొదటిది నల్లది. దుప్పటి కప్పినట్టు మోత అణిగిపోయింది. ఎర్రదాంట్లో ప్రతి స్వరమూ స్పష్టంగా పలికింది కానీ పలచన. వేలు తీస్తే శబ్దం ఆరిపోయేది. మూడోదాని లావు తీగ మీటగానే మోత కింద బండల్లోంచి లేచినట్టయింది. కిటికీలోని లోటా సన్నగా అదిరింది. పెద్దాయన తల పైకెత్తాడు.

ఆ ముడి చెక్కనే ఉంచుకుంటాడేమోనని నాకు భయం వేసింది. అక్కడి నుంచి మెడ మీది మెట్ల దగ్గర తీగలను గట్టిగా నొక్కకుండా వేళ్ళు వదులుగా ఆనించి వాయించాను. ప్రతి స్వరమూ జర్రుమంది.

"యాడిదప్పా ఆ జర్రు?" అన్నాడు పెద్దాయన.

"చెక్కలోనే ఉండాదేమో అన్నా," అన్నాను.

వాకిలి దగ్గర నిలబడిన భాయ్ నా ఎడమ చేతినే చూస్తున్నాడు. చెప్పేస్తాడనుకున్నాను. ఆయన వచ్చి గిటారును పాత కంబళిలో చుట్టుకొని, "సరేలే అన్నా," అని వెళ్ళిపోయాడు. నా ముఖం చూడలేదు.

పెద్దాయన ఎర్రదాన్నే ఉంచుకున్నాడు. ధర్మవరం పెళ్ళిలో అందరూ ఆ ఎర్ర గిటారునే చూశారు. నాకు మాత్రం ప్రతి పాట అడుగునా ఖాళీ వినిపించింది. రెండు నెలలు ఓర్చుకొని, చివరికి సైకిలెక్కి భాయ్ ఇంటికి వెళ్ళాను.

"భాయ్, ఆ పొద్దు తప్పు గిటారుది కాదు. నేనే వేళ్ళు వదులుగా పెట్టినా."

ఆయన హార్మోనియం తిత్తికి జిగురు పూస్తూనే, "చూసినా లేప్పా," అన్నాడు.

"మరి ఆడనే ఎందుకు చెప్పలేదు?"

"వాయించేవాడే వద్దనుకున్నాక చెప్పి ఏం లాభమప్పా? నీ చేతి కొలత చూసి గదా దాని మెడ చేసినా."

"యాడుండాది భాయ్ అది?" అని అడిగాను.

"కోసేసినా. ఆ చెక్క హార్మోనియం పెట్టెలకు పోయింది."

అక్కడి నుంచి నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను.

"నన్ను చెవిటోన్ని చేసినావు గదప్పా," అన్నాడు.

మర్నాడు ఆయనే వెళ్ళి మరొకటి చేసిపెట్టమని అడిగినా భాయ్ ఒప్పుకోలేదు. ఎర్ర గిటారుతోనే ఇంకా కొన్నేళ్ళు వాయించాను. బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, ఇంతకంటే మంచిది ఒకటి ఉండేదని చెప్పేవాణ్ణి. దాని మోత ఎట్లా ఉండేదని అడిగితే మాత్రం చెప్పడం చేతకాక తల దించుకునేవాణ్ణి.